గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం

గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం భారతదేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో బి.ఎస్సీ. (వ్యవసాయం) చదివే విద్యార్థులు చివరి సంవత్సరంలో తప్పనిసరిగా పూర్తి చేయవలసిన క్షేత్రశిక్షణ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో దీనిని ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలతో రావెప్ అని పిలుస్తారు. ఈ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు జట్లుగా ఒక గ్రామానికి వెళ్ళి నివసిస్తారు. ఒక్కొక్క విద్యార్థిని ఒక్కొక్క రైతుకు అనుబంధిస్తారు. ఆ రైతు పొలంలో జరిగే పనులను దగ్గర ఉండి చూడడం, వీలైనంతవరకు స్వయంగా చేయడం, విశ్వవిద్యాలయం సిఫారసులను రైతుకు తెలియజేయడం, రైతు అనుభవాన్ని నమోదు చేయడం విద్యార్థి బాధ్యతలు. తెలుగు ప్రాంతాలలో ఖరీఫ్‌లో ఎక్కువగా కనిపించే పంట వరి కనుక ఈ శిక్షణలో అధికభాగం వరి పొలాల చుట్టూనే తిరుగుతుంది. ఈ వ్యాసం కూడా ముఖ్యంగా వరి గ్రామాలలోని శిక్షణను వివరిస్తుంది.

పేరు

తెలుగు పత్రికలలో గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం, గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం అనే రెండు రూపాలూ కనిపిస్తాయి. పల్లెలలో మాత్రం రావెప్ పిల్లలు అనో, కాలేజీ పిల్లలు అనో అంటారు. మహారాష్ట్రలో ఈ శిక్షణకు వెళ్ళిన విద్యార్థులను కృషిదూతలు, విద్యార్థినులను కృషికన్యలు అని వ్యవహరిస్తారు. తెలుగులో అటువంటి ప్రత్యేక నామం ఏదీ స్థిరపడలేదు.

నేపథ్యం

విద్యలో శారీరక శ్రమకు స్థానం ఉండాలన్న ఆలోచన గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం విధానంలో ఉన్నది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవాన్ని విద్యలో అంతర్భాగం చేయాలని సిఫారసు చేసింది. కార్యక్రమం పేరులోని పని అనుభవం అనే మాటకు ఇది దగ్గరి పూర్వరూపం. అంతకు ముందే 1960లో పంత్‌నగర్‌లో దేశపు తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయం అమెరికాలోని భూదాన విశ్వవిద్యాలయాల నమూనాలో ఏర్పడింది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కింద ఉండాలన్నది ఆ నమూనా సారాంశం. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా ఇదే పద్ధతిని అనుసరించింది. 1945లో ప్రారంభమైన బాపట్ల వ్యవసాయ కళాశాల, 1961లో ప్రారంభమైన తిరుపతి వ్యవసాయ కళాశాల ఈ విశ్వవిద్యాలయంలో చేరాయి. 1996లో దీనికి ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం అని పేరు మార్చారు. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు ఆచార్య జయశంకర్ పేరుతో రాజేంద్రనగర్‌లో వేరే విశ్వవిద్యాలయం ఏర్పడింది. రంగా విశ్వవిద్యాలయం కేంద్రకార్యాలయం గుంటూరు సమీపంలోని లాం గ్రామానికి మారింది.

వ్యవసాయ పట్టభద్రులకు పుస్తకజ్ఞానం ఉన్నా పొలంలో చేయి తిరగదన్న విమర్శ చాలాకాలంగా ఉన్నది. భారత వ్యవసాయ పరిశోధనా మండలి నియమించిన రాంధావా కమిటీ 1992లో దేశమంతటా ఈ శిక్షణను అమలు చేయాలని సూచించింది. 1995లో మండలి పాఠ్యాంశాలను సమీక్షించి విద్యార్థులకు ఆరు నెలల పాటు నెలకు కనీసం 500 రూపాయల భృతి ఇవ్వాలని నిర్దేశించింది. 2007 నాటి నాలుగవ డీన్ల కమిటీ నివేదిక దీనికి తోడుగా అనుభవాత్మక అభ్యసనం అనే మరొక సెమిస్టరును చేర్చింది. 2015 జూలై 25న పాట్నాలో ప్రధానమంత్రి నరేంద్ర మోడీ స్టూడెంట్ రెడీ అనే పథకాన్ని ప్రారంభించారు. అప్పటినుండి రావెప్ ఆ పథకంలోని ఐదు అంశాలలో ఒకటిగా లెక్కకు వస్తున్నది. తరువాత భృతిని నెలకు 3,000 రూపాయలకు పెంచారు.

కాలవ్యవధి

2016-17 విద్యాసంవత్సరం నుండి అమలులోకి వచ్చిన ఐదవ డీన్ల కమిటీ నివేదిక ప్రకారం ఈ శిక్షణ ఏడవ సెమిస్టరులో 20 వారాలు, 20 క్రెడిట్లు. ఇందులో తరగతి పాఠాలు లేవు, అన్నీ ప్రాయోగికమే. మొదటి వారం కళాశాలలో ప్రాథమిక అవగాహన. తరువాత 8 వారాలు గ్రామంలో, 5 వారాలు పరిశోధనా స్థానంలో గాని కృషి విజ్ఞాన కేంద్రంలో గాని, 2 వారాలు మొక్కల వైద్యశాలలో, 3 వారాలు వ్యవసాయాధారిత పరిశ్రమలో గడుపుతారు. చివరి వారం నివేదిక రాయడానికి, మౌఖిక పరీక్షకు కేటాయించారు.

గ్రామానికి ఇచ్చిన 8 వారాలు 56 రోజులు మాత్రమే. సాంబ మసూరి వంటి దీర్ఘకాలిక వరి రకం పంటకాలం సుమారు 150 రోజులు, ఎం.టి.యు. 1010 వంటి స్వల్పకాలిక రకానికి సుమారు 120 రోజులు. కనుక ఏ రకాన్ని ఎంచుకున్న రైతు వద్ద చేరినా విద్యార్థి విత్తు నుండి కోత వరకు పూర్తిగా చూసే అవకాశం లేదు. ఈ లోపం గురించి విమర్శల విభాగంలో చూడవచ్చు.

గ్రామంలో నివాసం

కళాశాల అధ్యాపకులు, వ్యవసాయశాఖ సిబ్బంది కలిసి గ్రామాలను ఎంపిక చేస్తారు. బస్సు సౌకర్యం, విద్యార్థులకు సురక్షితమైన వసతి, దగ్గరలో పరిశోధనా స్థానం గాని ఏరువాక కేంద్రం గాని ఉండడం పరిశీలిస్తారు. అద్దె ఇల్లు, పంచాయతీ భవనం, ఖాళీగా ఉన్న పాఠశాల గది వంటివి వసతిగా లభిస్తాయి. వంట సాధారణంగా విద్యార్థులే చేసుకుంటారు. వ్యవసాయ కళాశాలలలో విద్యార్థినుల సంఖ్య పెరిగిన తరువాత గ్రామం ఎంపికలో మొదట చూసేది వసతినే.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ప్రారంభమైన రైతు భరోసా కేంద్రాలు (2024 తరువాత రైతు సేవా కేంద్రాలు), తెలంగాణలో రైతు వేదికలు విద్యార్థులు రైతులను కలుసుకోవడానికి ఒక స్థిరమైన చోటు కల్పించాయి. అంతకు ముందు రచ్చబండ, సహకార సంఘం అరుగు, టీ కొట్టు ఆ పని చేసేవి. నిజానికి ఇప్పటికీ అసలు సంభాషణలు అక్కడే జరుగుతాయి.

విద్యార్థికి అనుబంధించిన రైతును ఆతిథేయ రైతు అంటారు. ఈ రైతుకు విశ్వవిద్యాలయం నుండి జీతభత్యాలు ఏవీ ఉండవు. తన పొలంలోకి ఒక కొత్త వ్యక్తిని రానిచ్చి, ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఆయన ఒప్పుకోవడం పూర్తిగా ఆయన మంచితనం మీద ఆధారపడి ఉన్నది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో 1.00 హెక్టారు. అంటే సుమారు రెండున్నర ఎకరాల లోపు. ఇంత చిన్న పొలంలో ఒక మడి చెడినా సంవత్సరపు ఆదాయంలో తేడా తెలుస్తుంది. అందువలన కుర్రవాడి మాట విని కొత్త మందు కొట్టడానికి రైతు వెంటనే ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

గ్రామ పటం

గ్రామంలో అడుగుపెట్టిన మొదటి వారంలోనే విద్యార్థులు భాగస్వామ్య గ్రామీణ సమీక్ష నిర్వహిస్తారు. దీనిలో అందరికీ తెలిసిన అంశం గ్రామ పటం. పంచాయతీ కార్యాలయం ముందో గుడి ముందో నేలను ఊడ్చి, రంగురంగుల ముగ్గుపిండితో ఊరి వీధులు, చెరువు, కాలువలు, బడి, మంచినీటి ట్యాంకు, ఏ నేలలో ఏ పంట ఉన్నదీ గీస్తారు. గీసేది విద్యార్థులైనా చెప్పవలసింది గ్రామస్తులు. పటంలో తప్పు ఉంటే చుట్టూ మూగినవారు ఊరుకోరు. కాలువ చివరి భూములకు నీరందని సంగతి, ఒక కాలనీకి శ్మశానానికి దారి లేని సంగతి వంటివి ఇటువంటి సందర్భంలోనే బయటకు వస్తాయి.

దీనితోపాటు ఊరికి అడ్డంగా నడిచి నేలల తేడాను నమోదు చేయడం, నెలల వారీగా పనులు, కూలి, అప్పు, తిండిగింజల లభ్యత చూపే కాలపట్టిక తయారు చేయడం, వృద్ధులను అడిగి ఊరి సంఘటనలను వరుసగా రాయడం కూడా ఉంటాయి. కాలపట్టికలో పెట్టుబడి అవసరమైన నెలలు, చేతిలో డబ్బు ఉండే నెలలు ఎదురెదురుగా కనిపిస్తాయి. వడ్డీ వ్యాపారం ఎందుకు సాగుతుందో ఈ ఒక్క బొమ్మ చూస్తే అర్థమవుతుంది.

వరి పొలంలో పనులు

విత్తనం, నారుమడి

ఎకరా పొలంలో నాటడానికి సుమారు 20 నుండి 25 కిలోల విత్తనం, 5 సెంట్ల నారుమడి అవసరం. విద్యార్థులు మొదట చేసి చూపేది ఉప్పునీటి పరీక్ష. నీటిలో ఉప్పు కలుపుతూ కోడిగుడ్డు పైకి తేలేంత చిక్కబడిన తరువాత విత్తనాలు పోస్తారు. తాలు గింజలు పైకి తేలుతాయి, గట్టి గింజలు అడుగున నిలుస్తాయి. వాటిని మంచినీటితో రెండు మూడు సార్లు కడిగి, కిలో విత్తనానికి లీటరు నీటిలో 1 గ్రాము కార్బెండజిమ్ కలిపిన ద్రావణంలో 24 గంటలు నానబెట్టి, మరొక 24 గంటలు మండెకట్టి, మొలకలను నారుమడిలో చల్లుతారు. పొడి విత్తనశుద్ధికి కిలోకు 3 గ్రాముల మందు పట్టిస్తారు. దీనికయ్యే ఖర్చు బహు స్వల్పం. ప్రదర్శన చూసిన రైతులు ఎక్కువగా స్వీకరించే పద్ధతులలో ఇటువంటి తక్కువ ఖర్చు పనులే ముందుంటాయి.

అయితే గోదావరి డెల్టాలో కాలువలకు జూన్‌లో నీరు విడుదల కాగానే నారుమళ్ళు పోస్తారు. సెమిస్టరు ఆరంభమై విద్యార్థులు ఊరు చేరేసరికి చాలాచోట్ల నారు ఎదిగి ఉంటుంది. అటువంటప్పుడు విత్తనశుద్ధి ప్రదర్శన పళ్ళెంలో పిడికెడు గింజలతో ముగుస్తుంది.

ఊడ్పులు

తెలంగాణలో నాట్లు, కోస్తాలో ఊడ్పులు అనే ఈ పనిలో విద్యార్థులు స్వయంగా బురదలో దిగడం ఆనవాయితీ. విశ్వవిద్యాలయం సిఫారసు ప్రకారం ఖరీఫ్‌లో చదరపు మీటరుకు 33 కుదుళ్ళు ఉండాలి. అంటే వరుసల మధ్య 20 సెంటీమీటర్లు, కుదుళ్ళ మధ్య 15 సెంటీమీటర్లు. మీటరు కొలత గల చదరపు చట్రాన్ని మడిలో అక్కడక్కడ పెట్టి విద్యార్థులు కుదుళ్ళు లెక్కిస్తారు. ఈ లెక్క చాలా పొలాలలో 33కు తక్కువగా తేలుతుంది.

దానికి కారణం రైతుకు తెలియకపోవడం కాదు. ఊడ్పులు ఎకరాకు ఇంత అని గుత్తకు మాట్లాడుకున్న స్త్రీల ముఠాలు చేస్తాయి. ఎన్ని ఎకరాలు నాటితే అంత డబ్బు కనుక కుదుళ్ళు పలచబడతాయి. దగ్గరగా నాటించాలంటే రైతు అదనంగా చెల్లించాలి. ఇదే కారణంగా, చేతకాని విద్యార్థి వరుసలో నిలబడితే ముఠా వేగం తగ్గుతుంది. అందుకని వారికి మడిలో ఒక మూల కేటాయించి నాటుకోమంటారు. నారు మరీ లోతుగా నాటితే పిలకలు సరిగా రావన్న సంగతి వారం తిరిగేసరికి ఆ మూలలోనే కనిపిస్తుంది. నడుము వంచి గంటసేపు నాటిన తరువాత యాంత్రీకరణ గురించి విద్యార్థుల అభిప్రాయం మారడం కూడా సాధారణమే.

ఊడ్పుల సమయంలో మరి రెండు విషయాలు చెబుతారు. ఒకటి, నారు కొసలు తుంచి నాటడం. ఆకుల చివర కాండం తొలుచు పురుగు పెట్టిన గుడ్లు దీనితో పోతాయి. రెండవది, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలడం. గాలి, వెలుతురు బాగా సోకి సుడిదోమ ఉధృతి తగ్గుతుంది, మందు కొట్టడానికి, ఎరువు చల్లడానికి దారి ఉంటుంది. ఖాళీ వదిలితే దిగుబడి తగ్గుతుందన్న అనుమానం రైతులలో చాలాకాలం ఉండేది. కాలిబాట పక్కనున్న కుదుళ్ళు ఎక్కువ పిలకలు వేయడం చూపడమే దానికి సమాధానం.

చీడపీడలు

శిక్షణలో రైతుకు నేరుగా డబ్బు మిగిల్చే భాగం ఇదే. ఆకు పసుపుపచ్చగా కనబడగానే దుకాణానికి వెళ్ళి, అమ్మేవాడు ఇచ్చిన రెండు మూడు మందులు కలిపి కొట్టడం అనేక గ్రామాలలో అలవాటు. విద్యార్థి చేయవలసింది మడిలోకి దిగి దుబ్బులను విడదీసి చూడడం. సుడిదోమ పిలకల దశలో దుబ్బుకు 10 నుండి 15, ఈనిన తరువాత 20 నుండి 25 ఉన్నప్పుడే మందు అవసరం. కాండం తొలుచు పురుగు విషయంలో చదరపు మీటరుకు ఒక తల్లి పురుగు గాని ఒక గుడ్ల సముదాయం గాని కనిపించడం హెచ్చరిక. అదే దుబ్బులో సాలీళ్ళు, మిరిడ్ నల్లులు తగినన్ని ఉంటే అవే దోమను అదుపు చేస్తాయి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే ఈ మిత్రపురుగులు చచ్చి దోమ ఇంకా పెరుగుతుంది.

తెగుళ్ళలో అగ్గితెగులు, పాముపొడ తెగులు, బాక్టీరియా ఎండాకు తెగులు ముఖ్యమైనవి. ఎండాకు తెగులును పోషక లోపంగా పొరబడి యూరియా వేస్తే అది మరింత వ్యాపిస్తుంది. 1986లో బాపట్ల నుండి విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) అన్నానికి ప్రసిద్ధి కాని తెగుళ్ళకు లొంగుతుంది. దానికి ఎండాకు తెగులును తట్టుకునే గుణం చేర్చిన రూపాన్ని హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధనా సంచాలకాలయం కలిసి రూపొందించగా 2008లో విడుదలైనది. 1925లో ఏర్పడిన మారుటేరు పరిశోధనా స్థానం నుండి వచ్చిన స్వర్ణ, విజేత, కాటన్‌దొర సన్నాలు వంటి రకాల వివరాలు కూడా విద్యార్థులు నేర్చుకుని వెళతారు. రకం ఎంపిక విషయంలో మాత్రం రైతు మొదట అడిగేది దిగుబడి గురించి కాదు, ఆ ధాన్యాన్ని మిల్లరు కొంటాడా లేదా అన్నది.

ఎలుకల నివారణ

ఇది ఊరంతా కలిసి చేయవలసిన పని కనుక విద్యార్థుల జట్టుకు బాగా నప్పుతుంది. మొదటిరోజు సాయంత్రం గట్ల మీది కన్నాలన్నీ మూసివేస్తారు. మరునాటికి తెరుచుకున్నవి ఎలుకలున్న కన్నాలు. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు వంటనూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలోన్ పొడి కలిపి 10 నుండి 15 గ్రాముల పొట్లాలు కట్టి ఆ కన్నాలలో వేస్తారు. ఒక్క రైతు చేసి పక్కవారు మానివేస్తే ప్రయోజనం ఉండదు. పక్క పొలంలోని ఎలుకలు కొద్దిరోజులలో తిరిగి వస్తాయి. పొట్లాలు కట్టేటప్పుడు చేతులకు తొడుగులు వాడడం, పిల్లలను, పశువులను దూరంగా ఉంచడం ప్రదర్శనలో భాగమే.

మట్టి నమూనా

పొలంలో అడ్డదిడ్డంగా నడుస్తూ 8 నుండి 10 చోట్ల, ఆంగ్ల అక్షరం వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు వెంబడి మట్టిని సేకరిస్తారు. అన్నిటినీ కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసివేస్తూ అరకిలో మిగిలేవరకు చేస్తారు. గట్ల పక్కన, చెట్ల నీడలో, ఎరువు కుప్ప వేసిన చోట మట్టి తీయకూడదు. నమూనాను నీడలోనే ఆరబెట్టాలి.

కొలతలు, లెక్కలు

పాఠ్యపుస్తకాలు హెక్టార్లలో, కిలోలలో మాట్లాడతాయి. రైతు ఎకరాలలో, సెంట్లలో, బస్తాలలో మాట్లాడతాడు. కోస్తా జిల్లాలలో ధాన్యం బస్తా 75 కిలోలు. ఎకరాకు 30 బస్తాలు పండితే 2,250 కిలోలు, అంటే హెక్టారుకు సుమారు 5,560 కిలోలు. ఈ మార్పిడి నోటికి రాకపోతే విద్యార్థి ఊరిలో ఒక్క పూట కూడా మాట్లాడలేడు.

మందుల మోతాదులో ఈ లెక్క తప్పితే నష్టం నిజంగానే జరుగుతుంది. ఎకరాకు 200 లీటర్ల మందునీరు కావాలి. లీటరుకు 2 మిల్లీలీటర్ల చొప్పున ఎకరాకు 400 మిల్లీలీటర్ల మందు. పది లీటర్ల ట్యాంకు అయితే 20 ట్యాంకులు, 16 లీటర్ల ట్యాంకు అయితే పన్నెండున్నర ట్యాంకులు. కూలి తగ్గించుకోవడానికి 8 ట్యాంకులతో ఎకరా ముగించడం ఊళ్ళలో మామూలు. అప్పుడు మందు చిక్కదనం పెంచినా దుబ్బు మొదలుకు తడవదు. సుడిదోమ ఉండేది అక్కడే. మందు పనిచేయలేదని రైతు మరొక సీసా కొంటాడు. ఈ ఒక్క విషయం ఆతిథేయ రైతుకు లెక్క వేసి చూపగలిగితే అతనికి ఒక పిచికారీ ఖర్చు మిగులుతుంది.

సాగు ఖర్చుల సర్వే

ప్రతి విద్యార్థి తన రైతు సాగు ఖర్చులను పద్దుల వారీగా రాయాలి. దుక్కి, దమ్ము, నారు, ఊడ్పులు, ఎరువులు, మందులు, కలుపుతీత, కోత, రవాణా అన్నీ కలిపి, వచ్చిన ధాన్యపు విలువతో సరిచూడాలి. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతుధర క్వింటాలుకు 2,300 రూపాయలు. 75 కిలోల బస్తాకు 1,725 రూపాయలు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కోత తప్పదు లేదా ఆరబెట్టి తిరిగి తేవాలి. తేమను యంత్రంతో కొలిచి చూపడం విద్యార్థులు చేసే మరొక ప్రదర్శన. పెద్ద రైతులు గింజను పంటి కింద కొరికి చెప్పే అంచనా యంత్రానికి దగ్గరగానే ఉండడం వారిని ఆశ్చర్యపరుస్తుంది.

ఈ పద్దులలో కౌలు అనే గడి వచ్చినపుడు అసలు చిత్రం బయటపడుతుంది. డెల్టా గ్రామాలలో సాగు చేసేవారిలో కౌలురైతులు చాలామంది. కౌలు తరచుగా బస్తాలలో ఉంటుంది, పంట పండినా పండకపోయినా ఇవ్వాలి. సొంత రైతు పద్దులో లాభం కనిపించే అదే దిగుబడి కౌలురైతు పద్దులో నష్టంగా తేలవచ్చు. కౌలురైతులకు రుణం, బీమా అందించడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చాయి. గుర్తింపు కార్డు ఉన్నదా అన్న ప్రశ్నకు సమాధానం రాసేటప్పుడు, భూయజమాని సంతకం పెట్టడానికి ఎందుకు జంకుతాడో కూడా విద్యార్థి రాసుకుంటే ఆ సర్వేకు విలువ ఉంటుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలను బీడు పెట్టారు. ధాన్యం పండించే ప్రాంతంలో ధాన్యం పండించడమే గిట్టుబాటు కాదన్న ఆ వాదనను, ఇటువంటి పద్దు ఒక్కటైనా స్వయంగా వేసిన విద్యార్థి సులభంగా అర్థం చేసుకోగలడు.

మూల్యాంకనం

విద్యార్థి రోజువారీ డైరీ, రికార్డు రాస్తాడు. అధ్యాపకులు, శాస్త్రవేత్తలు గ్రామానికి వచ్చి పరిశీలిస్తారు. చివర నివేదిక సమర్పణ, మౌఖిక పరీక్ష ఉంటాయి. కొన్నిచోట్ల రైతు సదస్సు గాని ప్రదర్శన గాని ఏర్పాటు చేయడం కూడా మార్కులలో చేరుతుంది.

విమర్శలు

అన్నిటికన్నా ముఖ్యమైన విమర్శ కాలానికి సంబంధించినది. ఊడ్పులప్పుడు వచ్చి పొట్టదశకు ముందే వెళ్ళిపోయే విద్యార్థి రైతుకు అత్యంత ఆందోళన కలిగించే రోజులను చూడడు. కోస్తాలో నవంబరు, డిసెంబరు నెలల తుఫానులు కోతల మీద పడతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినపుడు కోసిన పనలు, కల్లాలలోని ధాన్యం తడిసి మొలకెత్తాయి. పడిపోయిన చేనులో గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలన్న సిఫారసు విలువ అటువంటి రోజునే తెలుస్తుంది. అప్పటికి గ్రామంలోని 8 వారాలు ముగిసి విద్యార్థులు పరిశ్రమల శిక్షణలోనో నివేదికల రచనలోనో ఉంటారు.

రెండవది, రికార్డుల విషయం. పై తరగతివారి రికార్డులు చూసి రాయడం, ఉద్యోగ, ప్రవేశ పరీక్షల పుస్తకాలతో గదిలోనే గడపడం గురించి అధ్యాపకులే చెబుతారు. పరిశోధనా మండలి ఫెలోషిప్ పరీక్ష, బ్యాంకుల వ్యవసాయ అధికారుల పరీక్ష ఈ కాలానికి దగ్గరగానే ఉండడం ఒక కారణం. రైతు కోటాలో ప్రవేశం పొందిన గ్రామీణ విద్యార్థులలో కొందరు ఇదంతా తమ ఇంటిలో చూసినదేనని ఆసక్తి చూపరు. వీరే ఇతరులకు బురదలో నడవడం నేర్పేదీ అన్నది వేరే సంగతి.

మూడవది, ప్రదర్శించే పద్ధతులకు రైతు పరిస్థితులకు పొంతన లేకపోవడం. 2003 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశపెట్టిన శ్రీ పద్ధతి దీనికి ఉదాహరణ. 8 నుండి 12 రోజుల లేత నారు, కుదురుకు ఒక్క మొక్క, 25 సెంటీమీటర్ల ఎడం, ఆరుతడి నీరు దీని లక్షణాలు. విత్తనం, నీరు బాగా ఆదా అవుతాయి. కాని మడి నుండి మడికి నీరు పారే డెల్టాలో ఒక్క రైతు తన మడిని ఆరబెట్టడం సాధ్యం కాదు, లేత నారు నాటడానికి ముఠాలు ఒప్పుకోవు. దానికి బదులు, కూలి ఖర్చు తగ్గించే వెదజల్లే పద్ధతి ఎక్కువ వేగంగా వ్యాపించింది.

గ్రామస్తుల వైపు నుండి వినిపించే ఫిర్యాదు సూటిగా ఉంటుంది. ప్రతి ఏడూ కొత్త పిల్లలు వచ్చి అవే ప్రశ్నలు అడుగుతారు, రాసుకున్న కాగితాలు ఏమయ్యాయో ఎవరూ తిరిగి వచ్చి చెప్పరు అన్నది దాని సారాంశం. ఒకే గ్రామానికి వరుసగా కొన్నేళ్ళు వెళ్ళి, మునుపటి జట్టు సర్వేను తరువాతి జట్టుకు అందజేసే ఏర్పాటు ఉంటే ఈ ఫిర్యాదుకు కొంత జవాబు దొరికేది.

కోవిడ్ కాలం

2020లో కళాశాలలు మూతపడినపుడు చాలా విశ్వవిద్యాలయాలు విద్యార్థులను వారి స్వగ్రామాలలోనే, సమీప కృషి విజ్ఞాన కేంద్రాల పర్యవేక్షణలో శిక్షణ పూర్తి చేయనిచ్చాయి. జట్టుజీవనం లేకపోయినా, సొంత ఊరిలో ఉండడంవల్ల కొందరికి కోతల వరకు పంటను చూసే వీలు కలిగింది.

సంబంధిత శిక్షణలు

స్టూడెంట్ రెడీలోని అనుభవాత్మక అభ్యసనం రావెప్‌కు భిన్నమైనది. ఇందులో విద్యార్థులు కళాశాల క్షేత్రంలోనే విత్తనోత్పత్తి, పుట్టగొడుగుల పెంపకం, జీవన ఎరువుల తయారీ వంటి ఒక ఉత్పత్తిని చేపట్టి, అమ్మి, లెక్కలు చూపుతారు. వచ్చిన లాభంలో వారికి వాటా ఉంటుంది. ఉద్యాన విద్యార్థులకు ఇటువంటిదే మరొక గ్రామీణ శిక్షణ ఉన్నది. 2007లో వెంకటరామన్నగూడెంలో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం విద్యార్థులు దానిని పండ్లతోటల, కూరగాయల గ్రామాలలో చేస్తారు.

2020 జాతీయ విద్యావిధానానికి అనుగుణంగా రూపొందిన ఆరవ డీన్ల కమిటీ సిఫారసులు 2024-25 నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం మొదటి సంవత్సరం తరువాత సర్టిఫికెట్‌తో గాని, రెండవ సంవత్సరం తరువాత డిప్లొమాతో గాని చదువు ముగించదలచినవారు 10 వారాల శిక్షణ పూర్తి చేయాలి. నాలుగేళ్ళూ చదివేవారికి గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం చివరి సంవత్సరంలోనే కొనసాగుతున్నది.